కుందేలు ఉపవాసం చేసిన శుక్రవారం

జంతువుల క్లినిక్‌లో పనికి చేరబోయే పిల్లలు నన్ను కలిస్తే మొదట అడిగేది ఒకటే, కరుస్తాయా అని. కరుస్తాయి. నా కుడిచేతి బొటనవేలి మీద ఒక పిల్లి పెట్టిన గుర్తు ఇప్పటికీ ఉంది. అయినా కరిచేవాటితో అంత కష్టం లేదు. అవి నోరు తెరుస్తాయి, మనం చెయ్యి వెనక్కి తీసుకుంటాం, అంతటితో సరి. కష్టమంతా వాటిని ప్రేమగా ఎత్తుకొచ్చే మనుషులతోనే. ప్రేమ ఎక్కువైన మనిషికి మన మాట చెవిదాకా వస్తుంది కానీ లోపలికి పోదు. ఈ సంగతి నాకు ఈ ముంబయి పక్క భివండిలో ఒక కుందేలు దగ్గర తెలిసింది. మీరు ఈ పనిలోకి వస్తున్నారు కాబట్టి చెబుతున్నాను, కాస్త ఓపిగ్గా వినండి. వినే ఓపిక లేకపోతే కుక్కను పట్టుకునే ఓపిక అసలే ఉండదు.

నేను మొదటినుంచీ జంతువుల మనిషిని కాను. మా నాన్న సిరిసిల్ల వైపు నుంచి మరమగ్గాల పనికి ఇక్కడికి వచ్చాడు. మా వాళ్లు మరమగ్గాలను సాంచాలు అంటారు. ఆ చప్పుడులోనే పుట్టాను, పెరిగాను. పెళ్లయ్యాక ఒక ప్రసూతి నర్సింగ్ హోమ్‌లో చాలా ఏళ్లు ఆయాగా చేశాను. అది మూతపడ్డాక, నార్పోలి దగ్గర కొత్తగా తెరిచిన జంతువుల క్లినిక్‌లో అసిస్టెంటుగా చేరాను. అప్పటికే యాభై దాటాయి. పసిపిల్లలను పట్టిన చేతులతో ఇప్పుడు కుక్కలను పడతావా అని ఇంట్లో వాళ్లు నవ్వారు. కుక్కలకు అత్తగార్లు ఉండరు, వార్డులోకి వచ్చి పెత్తనం చెయ్యరు, హాయిగా ఉంటుంది అన్నాను. ఎంత పొరపాటు పడ్డానో తర్వాత తెలిసింది.

క్లినిక్‌లో మేం ముగ్గురం. డాక్టరమ్మ మరాఠీ పిల్ల, మా అమ్మాయి ఈడుది. మాట తక్కువ, పట్టుదల ఎక్కువ. రెండో మనిషి జంతువులను కదలకుండా పట్టుకునే భయ్యా. ఉత్తరాది నుంచి వచ్చి తబేలాలో గేదెల మధ్య సగం జీవితం గడిపాడు. ఆయన పట్టుకుంటే ఎంత పొగరుబోతు కుక్కయినా నిలబడేది. అలాంటి మనిషి కుందేలును చూస్తే మాత్రం రెండడుగులు వెనక్కి వేసేవాడు. కుందేలు బెదిరి వెనక కాళ్లతో గట్టిగా తన్నుకుంటే దాని నడుము అదే విరగ్గొట్టుకుంటుందని డాక్టరమ్మ ఒకసారి చెప్పింది. ఆ మాట ఆయన మనసులో నాటుకుంది. గేదె తంతే నేను విరుగుతాను, ఇది తంతే ఇదే విరుగుతుంది, ఇదెక్కడి జంతువు అని గొణిగేవాడు.

మొదట్లో మా దగ్గర కుందేళ్లకు ఆపరేషన్లు చేసేవాళ్లం కాదు. మందులిచ్చేవాళ్లం, పెరిగిన గోళ్లు తీసేవాళ్లం, ఆపరేషన్ అంటే ముంబయికి పంపేవాళ్లం. కుందేలుకు మత్తు ఇవ్వడం కుక్కకు ఇచ్చినంత తేలిక కాదు. భయంతోనే ప్రాణం పోయేంత సున్నితం అది. తనకు చేతకాని పనిని చేతకాదు అని చెప్పడానికి మా డాక్టరమ్మ ఎప్పుడూ సిగ్గుపడలేదు. ఆమెలో నాకు బాగా నచ్చింది అదే.

అలాంటి రోజుల్లో ఒక ముసలావిడ ప్లాస్టిక్ బుట్టలో తెల్ల కుందేలును పెట్టుకుని వచ్చింది. వెంట స్కూలు బట్టల్లో మనవరాలు. వాళ్లది కరీంనగర్ వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. నార్పోలిలో చాల్‌లో, అంటే వరసగా గదులుండే ఇళ్లల్లో, ఒక గదిలో ఉంటారు. కొడుకు సాంచాలు నడుపుతాడు, కోడలు కాల్హేర్‌లో గోదాములో ప్యాకింగ్ పనికి పోతుంది. కుందేలును కొనిపించుకున్నది మనవరాలు. మరాఠీ బడిలో చదువుతున్న ఆ పిల్ల దానికి కాపూస్ అని పేరు పెట్టింది. మరాఠీలో కాపూస్ అంటే పత్తి. పేరు పెట్టడంతో ఆ పిల్ల పని అయిపోయింది, సాకడం అవ్వ నెత్తిన పడింది. పగలంతా గదిలో ఉండేది వాళ్లిద్దరే, అవ్వా కుందేలూ.

వచ్చిన కారణం, కుందేలు మూత్రంలో నెత్తురు. డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి, ఠాణేలో స్కానింగ్ చేయించుకు రమ్మంది. రిపోర్టు వచ్చాక అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. గర్భసంచిలో గడ్డ ఉంది. ఆడ కుందేళ్లకు వయసు ముదిరాక ఇలాంటివి తరచూ వస్తాయి. చిన్నప్పుడే గర్భసంచి తీయించి ఉంటే ఈ బాధ ఉండేది కాదు. ఇప్పుడైనా తీసేస్తే బతికే అవకాశం ఉంది, వదిలేస్తే ఊపిరితిత్తులకు పాకుతుంది. మనవరాలు ఇదంతా తెలుగులో చెప్పబోయి సగంలో ఏడ్చేసింది. మిగతా సగం నేను చెప్పాను.

ముంబయి తీసుకుపొమ్మన్నాం. తీసుకుపోయారు. ఆటో, రైలు, మళ్లీ ఆటో. ఆ ఎండలో, ఆ తోపులాటలో కుందేలు నోరు తెరిచి రొప్పడం మొదలుపెట్టిందట. కుందేలు నోటితో ఊపిరి తీసిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. వాళ్లు సగం దారి నుంచే వెనక్కి తిరిగి సరాసరి మా క్లినిక్‌కు వచ్చారు. అవ్వ బుట్టను బల్ల మీద పెట్టి డాక్టరమ్మ వైపు చూసింది. ఆ రోజు పొద్దుగూకాక తాళం వేస్తుండగా డాక్టరమ్మ నాతో అంది, ఇది మనమే చేద్దాం మౌసీ, నేర్చుకుని చేద్దాం అని.

తన సెలవు రోజుల్లో ముంబయి వెళ్లి, కుందేళ్ల ఆపరేషన్లు చేసే ఒక సీనియర్ డాక్టరు పక్కన నిలబడి చూసి వచ్చేది. వచ్చాక మాకు పాఠం. ఇక్కడే నా తలకాయలో ఒక గోడ కూలింది. నర్సింగ్ హోమ్‌లో అన్నేళ్లు నేను అందరికీ అరిచి చెప్పింది ఒక్కటే, ఆపరేషన్‌కు ముందు కడుపు ఖాళీగా ఉండాలి, మంచినీళ్లు కూడా ముట్టకూడదు అని. కుక్కలకూ పిల్లులకూ అదే చెప్పేవాళ్లం. కుందేలుకు సరిగ్గా దానికి ఎదురు. మత్తులో వాంతి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుందని కదా మనం కడుపు ఖాళీ చేయిస్తాం. కుందేలుకు వాంతి చేసుకునే శక్తే లేదు. పైగా దాని పేగులు ఎప్పుడూ కదులుతూ ఉండాలి. ఒక పూట మేత ఆగితే పేగులు నెమ్మదిస్తాయి, పొట్టలో గాలి చేరుతుంది, నొప్పికి అది ఇంకా తినదు, తినకపోతే పేగులు పూర్తిగా ఆగిపోతాయి. కాబట్టి ఆపరేషన్ వేళ దగ్గరికొచ్చే దాకా మేస్తూనే ఉండాలి. మత్తుకు ముందు కాసేపు మాత్రం మేత తీసేసి, నోట్లో గడ్డి మిగలకుండా చూడాలి, అంతే.

ఆపరేషన్‌కు శుక్రవారం కుదిరింది. భివండిలో సాంచాలకు శుక్రవారమే సెలవు, కాబట్టి కొడుకు ఇంట్లో ఉంటాడు. మత్తు ఇవ్వడానికి ఠాణే నుంచి మరో డాక్టరు కూడా ఆ రోజే రాగలనంది. ముందు వారమే రక్తపరీక్ష చేశాం, బరువు చూశాం. ఇంటికి వెళ్లేముందు అవ్వకు అన్నీ చెప్పాను. మేత మార్చొద్దు. రోజూ తినే గడ్డి, ఆకులే పెట్టండి. వచ్చేటప్పుడు కూడా అవే వెంట తేవాలి, మత్తు దిగాక అలవాటైన మేతే దానికి ధైర్యం. పెంటికలు సరిగ్గా వేస్తోందా చూడండి. బుట్టలో దాని పాత గుడ్డే పరవండి, ఉతికింది వద్దు, వాసన పోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, పస్తు పెట్టొద్దు.

"సాంచె ఆగితే మళ్ల తిప్పొచ్చు అవ్వా. దీని పేగులు ఆగితే తిరగయి. మంచిగ మేపుకొని తీస్కరా" అన్నాను. అవ్వ తల ఊపింది. తల ఊపిన మనిషిని నమ్మడం నాకు అలవాటు.

ఆ శుక్రవారం పొద్దున కుక్కలెవరినీ రానివ్వలేదు, వాసనకు కుందేలు బెదురుతుందని. నేల కడిగాం, వేడినీళ్ల సీసాలు సిద్ధం చేశాం. భయ్యా తబేలా నుంచి మట్టి లేని ఎండుగడ్డి ఏరి తెచ్చాడు. పక్కన సాంచాల షెడ్డు మూసి ఉంది కాబట్టి వీధంతా నిశ్శబ్దంగా ఉంది. ఈ రోజు మనదే అనుకున్నాను. ఇంతలో కుటుంబం మొత్తం వచ్చింది. అవ్వ ఒళ్లో బుట్ట, పక్కన కొడుకు, వెనక కోడలు, మనవరాలు. నలుగురి మొహాలూ వాడిపోయి ఉన్నాయి. భయం అనుకున్నాను. బుట్టలో గడ్డి లేదు, ఆకు లేదు. చుట్టూ ఒక్క పెంటిక కూడా లేదు.

పొద్దున ఏం పెట్టారని అడిగాను.

"ఏం పెట్టలే బిడ్డా" అంది అవ్వ. ఆ గొంతులో తప్పు చేసిన బెరుకు లేదు, ఏదో ఘనకార్యం చేసిన నిండుతనం ఉంది. "నిన్న మాపటి సంది గడ్డిపోస గుడ ముట్టనియ్యలే. ఇంటిల్లిపాది ఉపవాస ప్రార్థనల ఉన్నం. అది గుడ ఉన్నది."

వాళ్లలో శుక్రవారం ఉపవాస ప్రార్థనల కూడిక ఉంటుంది. ఎవరికైనా జబ్బు చేసినా, ఆపరేషన్ ఉన్నా, ఇంట్లో వాళ్లంతా పస్తుండి ప్రార్థన చేస్తారు. చేతనైతే జబ్బు మనిషి కూడా ఒక పూట మానేస్తాడు. కుందేలు కోసం ప్రార్థన పెట్టారు కాబట్టి కుందేలు కూడా మానేసింది, లేదా దానితో మాన్పించారు. నాకు ఒళ్లు మండిపోయింది. నేనేం చెప్పాను, మీరేం చేశారు, తల ఎందుకు ఊపారు అని గట్టిగానే అరిచాను. కోడలు తల దించుకుంది. అవ్వ మాత్రం నా కళ్లలోకే చూసింది.

"నువ్వు చెప్పింది యాదికున్నది బిడ్డా. అది డాక్టరమ్మ లెక్క. ఇది ప్రభువు లెక్క. ఎవలకోసం మొక్కుతున్నమో వాళ్లే తింటుంటే ఆ ప్రార్థన పైకెట్ల పోతది?"

నర్సింగ్ హోమ్‌లో అన్నేళ్లు నేను అందరితో పెట్టించిందీ ఈ పస్తేనని గుర్తొచ్చి ఇంకా చిరాకేసింది.

డాక్టరమ్మ స్టెతస్కోపును కుందేలు పొట్ట మీద పెట్టి చాలాసేపు విన్నది. మామూలుగా అక్కడ గుడగుడ వినిపించాలి. దాదాపు ఏమీ లేదు. కుందేలు మూలకు ముడుచుకుని పళ్లు నూరుతోంది. అది ఆ జంతువు నొప్పిని చెప్పే పద్ధతి. డాక్టరమ్మ అరవలేదు, విసుక్కోలేదు. ఈ స్థితిలో మత్తు ఇస్తే లేవదు అంది. అలాగని ఇంటికి పంపినా ప్రమాదమే, ఆపరేషన్ మాట దేవుడెరుగు, ముందు పేగులు కదలాలి. నొప్పి తగ్గడానికి ఇంజక్షన్ ఇచ్చింది, చర్మం కింద గోరువెచ్చని సెలైన్ పెట్టింది. తనంతట తాను తిని, పెంటికలు వేస్తే మధ్యాహ్నం చేద్దాం, లేకపోతే లేదు అంది. సాయంత్రం లోపు ఠాణే డాక్టరు వెళ్లిపోవాలి. నెత్తురు పోవడం ఆ వారం ఎక్కువైంది కూడా, మరో శుక్రవారం దాకా కుందేలు నిలుస్తుందని ఎవరూ చెప్పలేరు.

ఇక మాకు ఒకటే పని, ఆ కుందేలుతో నోరు తెరిపించడం. గడ్డి పెట్టాం, చూడలేదు. కొత్తిమీర పెట్టాం, మూతి తిప్పుకుంది. ఎవరో క్యారెట్ అన్నారు, బొమ్మల్లో కుందేళ్లు తినేది అదే కదా. తెచ్చాం. దాన్ని మనవరాలు తిన్నది, పాపం ఆ పిల్ల కూడా పస్తే. మేత పొడిని నీళ్లలో కలిపి సిరంజీతో నోటి పక్కనుంచి కొద్దికొద్దిగా పోశాను. కొంత మింగింది, కొంత నా చీర మీద ఉమ్మింది. పేగుల్లో కాస్త అలికిడి మొదలైందని డాక్టరమ్మ చెప్పింది. కానీ తనంతట తాను తినడం లేదు. భయ్యా గది మూల నిలబడి తల అడ్డంగా ఊపుతున్నాడు. నాకు అప్పటికే మొండి పట్టు వచ్చింది. ఇది తినేదాకా నేనూ ఇక్కడినుంచి లేవను అనుకుని దాని ముందు బైఠాయించాను.

అప్పుడు మనవరాలు నా పక్కకొచ్చి మెల్లగా అంది. "పెద్దమ్మా, శుక్రవారం అది ఎప్పుడూ ఉపాశీనే ఉంటది. అవ్వ తినేదాక ఆకు ముట్టదు. రోజు గుడ అంతే. అవ్వ జేవణ్‌కి కూసుంటేనే వస్తది."

జేవణ్ అంటే మరాఠీలో భోజనం. నేను అవ్వ వైపు చూశాను. అవును అంది. మధ్యాహ్నం అందరూ పనులకు, బడికి పోయాక, తాను నేల మీద కంచం పెట్టుకుని కూర్చుంటుంది. కంచం అంచున నాలుగు మెంతి కాడలు పెడుతుంది. తాను నమలడం మొదలుపెట్టగానే అది మంచం కిందినుంచి వచ్చి నమలడం మొదలుపెడుతుంది. శుక్రవారం తాను సాయంత్రం దాకా ముట్టదు కాబట్టి అదీ సాయంత్రం దాకా ఏదో గడ్డి కొరుకుతుంది తప్ప ఆకు ముట్టదు. మా కుందేలు కూడా శుక్రవారం ఉపవాసం ఉంటుందని కూడికలో చెప్పుకుని ఆమె మురిసిపోయేదట. విన్నవాళ్లు కూడా ఎంత భక్తి అని ముచ్చటపడేవారట.

దానికి భక్తీ లేదు, ఉపవాసమూ లేదు. అది అవ్వ కోసం ఆగుతోంది. ఆ మాట నేను పైకి అనలేదు. కానీ అవ్వ మొహం చూస్తే, నేను అనకుండానే ఆమెకు వినిపించిందని అర్థమైంది.

"అవ్వా, నువ్వు తినాలె. ఇప్పుడు, ఇక్కడనే" అన్నాను.

ఆవిడ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది. నేను మొండితనం అనుకుని ఇంకో నాలుగు మాటలు అనబోయాను. భయం అని అప్పటికి తెలియదు. ఇంతలో తనే చెప్పింది.

"వీడు పొత్తిళ్లల ఉన్నప్పుడు ఊపిరాడక నీలిగయిండు బిడ్డా. దవఖానల లాభం లేదన్నరు. ఆ రోజు శుక్రవారం. వీడు బతికితే నేను చచ్చేదాక శుక్రవారం పొద్దుగూకేదాక ఏం ముట్టనన్న. వీడు బతికిండు. అప్పటి సంది ఒక్క శుక్రవారం గుడ ముట్టలే. జ్వరమొచ్చినా ముట్టలే. ఇయ్యాల ముడితే వీనికేమన్న అయితే?"

ఆమె వేలు చూపిస్తున్న వీడు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. తల నెరుస్తున్న మనిషి. ఒక పక్క బుట్టలో ఊపిరి పీలుస్తున్న ప్రాణం, ఇంకో పక్క గోడకానుకుని ఉన్న ప్రాణం. ఆమె లెక్కలో రెండూ ఒకే త్రాసులో ఉన్నాయి. కుందేలు కోసం కొడుకు ప్రాణాన్ని పణం పెట్టమని నేను ఆమెను అడుగుతున్నాను. అప్పటిదాకా నాకున్న కోపమంతా ఎటు పోయిందో తెలియదు. ఏడుపు వచ్చింది. వద్దులే అవ్వా, సిరంజీతోనే ప్రయత్నిస్తాను అని నా నోటి చివరిదాకా వచ్చింది.

ఈలోగా కొడుకు కదిలాడు. తెలిసినప్పటినుంచీ ఆ మనిషి గట్టిగా మాట్లాడగా నేను వినలేదు. బల్ల మీద ఉన్న నా టిఫిన్ డబ్బా చూపించి, తీసుకోవచ్చా అక్కా అని అడిగాడు. అందులో జొన్నరొట్టె, పచ్చి ఉల్లిగడ్డ, కారం ఉన్నాయి. డబ్బా మూతను కంచంలా నేల మీద తల్లి ముందు పెట్టాడు. రొట్టె తుంపి ముందు తన నోట్లో పెట్టుకుని నమిలి మింగాడు. తర్వాత ఇంకో ముక్క తుంపి తల్లి నోటి దగ్గర పట్టుకున్నాడు.

"నాకేం గాదమ్మా. నీ ముంగటనే ఉన్న సూడు. తిను" అన్నాడు.

ఆవిడ కళ్లు మూసుకుంది. ప్రార్థన చేసిందో, క్షమాపణ అడిగిందో, దేవుడితో పోట్లాడిందో నాకు తెలియదు. పెదవులు చాలాసేపు కదిలాయి. తర్వాత నోరు తెరిచింది. కొడుకు ముక్క పెట్టాడు.

భయ్యా బుట్ట తలుపు తెరిచి నేల మీద పెట్టాడు. కోడలు కొంగులోంచి రెండు మెంతి కట్టలు తీసి మూత అంచున పెట్టింది. అత్తకు తెలియకుండా తెచ్చిందట, భయపడి అప్పటిదాకా బయటికి తీయలేదట. ఆ ఇంట్లో నా మాట విన్నది ఆమె ఒక్కతేనన్నమాట. అవ్వ నమలడం మొదలుపెట్టింది. కన్నీళ్లు కారుతూనే ఉన్నాయి, నమలడం ఆపలేదు. ఉల్లిగడ్డ కొరికింది. కరకరమన్న చప్పుడుకు కుందేలు చెవులు లేచాయి. పళ్లు నూరడం ఆగింది. ముక్కు కదిలింది. కాసేపు ఆలోచించినట్టు ఆగి, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వచ్చి మూత పక్కన కూర్చుంది. మెంతి కాడ వాసన చూసింది. ఒకటి లాగింది. నమిలింది.

భయ్యా ఖా రహీ హై, తింటోంది అని గాలిలాంటి గొంతుతో అన్నాడు. అవ్వకు ఆకలి లేదని చూస్తుంటేనే తెలుస్తోంది, అయినా అది తింటున్నంతసేపూ ఆమె తింటూనే ఉంది. నా రొట్టెలన్నీ అయిపోయాయి. కొడుకు బయటికి పోయి వడాపావ్ తెచ్చాడు. పావ్ మెత్తగా ఉంటుంది, చప్పుడు రాదు, ఉల్లిగడ్డ తెండి అని నేను కసిరాను. కసరడానికి నాకు మళ్లీ బలం వచ్చింది.

మధ్యాహ్నానికి కుందేలు పెంటికలు వేసింది. మొదట చిన్నవి, తర్వాత శనగగింజల్లా గుండ్రంగా, గట్టిగా. వాటిని కాగితంలో తీసుకుని నేను లోపలికి పరుగెత్తాను. నా జీవితంలో దేన్నీ అంత సంతోషంగా మోసుకుపోలేదు. డాక్టరమ్మ చూసింది, మళ్లీ పొట్ట మీద స్టెతస్కోపు పెట్టి విన్నది, చేతులు కడుక్కోవడానికి లేచింది.

ఆపరేషన్ గురించి ఎక్కువ చెప్పను, అది డాక్టర్ల విషయం. మన పని ఎక్కడుందో అక్కడే చెబుతాను. కుందేలు చర్మం ఉల్లిపొరంత పలచన. పొట్ట మీద బొచ్చు తీసేటప్పుడు మిషన్ కాస్త వంకరైనా చిరుగుతుంది. కాబట్టి తొందర పనికిరాదు. మత్తులో దాని ఒళ్లు చప్పున చల్లబడుతుంది, వేడినీళ్ల సీసాలు చుట్టూ మారుస్తూనే ఉండాలి. కుందేలు ఒంటి మీద చెయ్యి వెయ్యడానికి భయపడిన భయ్యా ఆ రోజు ఆపరేషన్ అయ్యేదాకా దాని తలను తన రెండు చేతుల మధ్య పట్టుకున్నాడు. బయటికి తీసిన గడ్డ నిమ్మకాయంత ఉంది. ఆ చిన్న పొట్టలో అంత గడ్డతో అది రోజూ అవ్వ పక్కన కూర్చుని తిన్నదా అనిపించింది.

మత్తు దిగుతున్నప్పుడు మళ్లీ అదే సమస్య. మెలకువ వచ్చిన కుందేలు ఎంత తొందరగా తింటే అంత మంచిది. అవ్వను పిలిచాం. ఆమె లోపలికి వచ్చి తువ్వాలులో చుట్టి ఉన్న దాన్ని చూసింది, వేలితో దాని నుదురు తాకింది. నేను ఇంకో ఉల్లిగడ్డ చేతిలో పెట్టాను.

"పొద్దుగాల ఒకసారి తినిపిస్తిరి. ఇప్పుడు మల్లొకసారా" అంది. నవ్వు వస్తోంది, ఏడుపూ వస్తోంది, రెండూ ఆపుకోలేక కొరికింది. కుందేలు తల ఎత్తింది. మొదట తినలేదు. చాలాసేపు తినలేదు. ఠాణే డాక్టరు వెళ్లిపోయింది. వీధి దీపాలు వెలిగే వేళకు, మనవరాలి అరచేతిలోంచి ఒక్క ఆకు తీసుకుంది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ అవ్వకు నా ద్వారా ఒకే మాట చెప్పించింది. ఇకమీదట దీనికి ఒక్క పూట కూడా మేతలో ఎడం ఉండకూడదు, శుక్రవారం అయినా సరే. అవ్వ ఈసారి తల ఊపలేదు. సరే బిడ్డా అని నోటితో చెప్పింది.

కుట్లు చూపించడానికి వాళ్లు వచ్చిన రోజు నేను సెలవులో ఉన్నాను. మానిపోయిందని, బాగా తింటోందని డాక్టరమ్మ చెప్పింది. నా మనసులో మాత్రం ఒక ముల్లు ఉండిపోయింది. మళ్లీ శుక్రవారం వస్తుంది కదా. కుందేలును బతికించడానికి ఆవిడ ప్రాణంలో ఉన్న మాటను మేం తెంపాం. ఆ తెగిన చోట ఆవిడ ఎలా ఉందో చూడాలనిపించింది. ఇంకో శుక్రవారం మధ్యాహ్నం నార్పోలి వైపు వెళ్లి వాళ్ల చాల్ వెతుక్కుంటూ పోయాను.

గడప దగ్గర కొడుకు కూర్చుని ఉన్నాడు. పక్కన స్టీలు గ్లాసులో మంచినీళ్లు. లోపల అవ్వ నేల మీద కంచం ముందు కూర్చుని రొట్టె తింటోంది. కుందేలు కంచానికి అవతల మెంతి కాడ నములుతోంది. పొట్ట మీద బొచ్చు కొత్తగా మొలుస్తోంది. నన్ను చూసి అవ్వ సిగ్గుపడిపోయింది. తింటూ దొరికిపోయినట్టు కొంగుతో నోరు తుడుచుకుంది.

ఆపరేషన్ తర్వాతి శుక్రవారం అవ్వ మొదట ఉత్తి కంచం పెట్టుకుని నమిలినట్టు నటించిందట. కుందేలు వచ్చి కంచం వాసన చూసి, ఆమె మొహం చూసి, మంచం కిందికి పోయిందట. ఇక తినక తప్పలేదు, తింటే గుండె దడ. అది చూసి కొడుకు ఆ రోజు తన ముందున్న అన్నం పక్కకు జరిపాడట. కూడికలో అందరి ముందు లేచి, ఆ మొక్కు నా పేరు మీద ఉన్నది, ఇకనుంచి నేనే ఉంటాను, మా అమ్మ తింటుంది అని సాక్ష్యం చెప్పాడట. మొక్కు ఒకరిది, పస్తు ఒకరిది ఎట్లా అవుతుందని కొందరు గొణిగారట. పాస్టరయ్య అవుననలేదు, కాదనలేదు.

"వాని ఉపాసం వాడే పట్టుకున్నడు బిడ్డా" అంది అవ్వ. ఆమె గొంతులో ఇంకా కొంచెం భయం ఉంది. కానీ రొట్టె తుంపుతూనే ఉంది.

నేను వెళ్లిపోతూ గడప దగ్గర ఆగాను. వారమంతా సాంచాల ముందు నిలబడే మనిషి, సెలవు రోజు తిని పడుకోవలసిన మనిషి, కడుపు మాడ్చుకుని కూర్చున్నాడు. ఆకలి కావడం లేదా తమ్మీ అని అడిగాను.

అతను లోపలికి, తల్లి వైపు ఒకసారి చూశాడు. ఆమెకు వినపడకుండా చెప్పాడు.

"అయితుందక్కా. బాగ అయితుంది. ఇన్నేండ్లు నాకోసం అమ్మకు గిట్లనే అయ్యిందా అని ఇప్పుడు తెలుస్తుంది."